ఋషికొండ ఇంట్లో పాపకు పక్క ఎక్కడ వేయాలి?

మీరు అడిగిన విషయం ఇది. మీ అత్తవారి కుటుంబమంతా, పెద్దలూ పిల్లలూ కలిపి పదకొండు మంది, డిసెంబరు చివరి వారంలో హైదరాబాద్ నుండి విశాఖపట్నం వస్తున్నారు. ఋషికొండ దగ్గర మూడు పడకగదులు, ఒక హాలు ఉన్న ఇంటిని మూడు రాత్రులకు అద్దెకు తీసుకున్నారు. నాలుగో రాత్రి అరకులో ఉంటారు. మీ పాపకు ఆరు నెలలు నిండి ఏడో నెల నడుస్తోంది. రాత్రిళ్ళు పాపను తన పక్కలో పడుకోబెట్టుకుంటానని మీ అత్తగారు ఇప్పటికే చెప్పారు. ఆడవాళ్ళూ పిల్లలూ అందరూ ఒకే గదిలో సర్దుకుంటే సరిపోతుందని మీ ఆడపడుచు అంటున్నారు. కిటికీ ఊచలకు చీరతో ఉయ్యాల కట్టవచ్చని మీ తోడికోడలు సలహా ఇచ్చారు. పాప క్షేమం గురించి భయమూ, పెద్దల మనసు నొప్పించకూడదన్న ఆరాటమూ రెండూ మీ మాటల్లో కనిపిస్తున్నాయి.

ముందు సమాధానం చెప్పి, తరువాత కారణాలు వివరిస్తాను. పాప మీరూ మీ భర్తా ఉన్న గదిలోనే పడుకోవాలి. మంచం మీద కాకుండా, మీ మంచానికి చేరువలో నేల మీద పరచిన పలుచని, గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోవాలి. ఆ గదిలో మరో పెద్దమనిషి గానీ, మరో పిల్లవాడు గానీ రాత్రి పడుకోకూడదు. గదులన్నీ పంచుకున్నాక మిగిలిన చోట పాపను సర్దడం సరికాదు. గదుల పంపకం పాప పక్కతోనే మొదలుకావాలి. నేను విశాఖలో చంటిపిల్లల వార్డులో నర్సుగా చాలా కాలం పనిచేసి పదవీ విరమణ చేశాను. సెలవుల రోజుల్లో కొత్త చోట మంచం మీద నుండి పడిన పసిపిల్లలను తరచుగా తెచ్చేవారు. ఆ కుటుంబాల్లో ప్రేమకు లోటు ఉండేది కాదు. ఇంటినిండా మనుషులు ఉండడం వల్ల, ఆ గంటలో పాపను చూడవలసినది ఎవరన్నది మాత్రం తేలి ఉండేది కాదు. తల్లి నాయనమ్మ దగ్గర ఉందనుకుంటుంది, నాయనమ్మ మేనత్త చూస్తోందనుకుంటుంది, పాప ఒంటరిగా ఎత్తయిన మంచం అంచుకు దొర్లుకుంటూ వెళ్తుంది.

వెల్లకిలా పడుకోబెట్టడం గురించి మీ ఇంట్లో తప్పకుండా చర్చ వస్తుంది కాబట్టి దాని సంగతి కొంత వివరంగా చెప్పాలి. బోర్లా పడుకుంటే పసిబిడ్డ ఎక్కువసేపు నిద్రపోతుందనీ, పాలు కక్కినా గొంతుకు అడ్డం పడవనీ ఒకప్పుడు చాలా దేశాల్లో నమ్మేవారు. బ్రిటన్‌లో 1991లోనూ, అమెరికాలో 1994లోనూ పసిపిల్లలను వెల్లకిలా పడుకోబెట్టాలని పెద్ద ఎత్తున ప్రచారం చేశారు. ఆ తరువాతి సంవత్సరాల్లో, నిద్రలో ఏ కారణమూ తెలియకుండా సంభవించే శిశుమరణాలు ఆ రెండు దేశాల్లోనూ సగానికి పైగా తగ్గాయి. పాలు అడ్డం పడతాయన్న భయం కూడా సరైనది కాదు. వెల్లకిలా ఉన్నప్పుడు శ్వాసనాళం పైన, అన్ననాళం కింద ఉంటాయి కాబట్టి, కక్కిన పాలు శ్వాసనాళంలోకి ఎగబాకడం బోర్లా ఉన్నప్పటికంటే కష్టం. ఆ తరహా మరణాల్లో అధిక భాగం మొదటి ఆరు నెలల్లోనే జరుగుతాయి కాబట్టి మీ పాప ఆ గడ్డుకాలం దాదాపు దాటినట్టే. అయినా ఏడాది నిండే వరకు పడుకోబెట్టేటప్పుడు వెల్లకిలా పడుకోబెట్టడమే నియమం. తనంతట తాను బోర్లాపడి నిద్రపోతే ప్రతిసారీ తిప్పనక్కరలేదు, కానీ చుట్టూ మెత్తని వస్తువు ఏదీ ఉండకూడదు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2022లో సవరించిన మార్గదర్శకాలు చెప్పేదీ ఇదే: పక్క గట్టిగా, చదునుగా, వాలు లేకుండా ఉండాలి, బిడ్డ తల్లిదండ్రుల గదిలోనే, కానీ వేరే పక్క మీద పడుకోవాలి.

మన ఇళ్ళలో బిడ్డ తల్లి పక్కలోనే పెరుగుతుందన్న మాట నిజం, ఆ ఆచారాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ పాత పక్క ఎలా ఉండేదో గుర్తుచేసుకోండి. నేల మీద చాప, చాప మీద పాత చీరలతో కుట్టిన బొంత, బొంత మీద తల్లీ బిడ్డా మాత్రమే. అది గట్టి పక్క, పడిపోవడానికి ఎత్తు లేదు, ముఖం మీదికి జారే బరువైన దుప్పటి లేదు. అద్దె ఇంటి మంచం ఇందుకు పూర్తిగా భిన్నమైనది. దాని పరుపు మెత్తనిది, మీద నాలుగు దిండ్లూ దళసరి రజాయీ ఉంటాయి, మంచానికీ గోడకూ మధ్య జానెడు సందు ఉంటుంది. ఆ సందు చాలా ప్రమాదకరం. మంచాన్ని గోడకు ఆనించి, పాపను గోడవైపు పడుకోబెడితే క్షేమమని అందరూ అనుకుంటారు. రాత్రి మంచం కొద్దిగా జరిగితే చాలు, పాప ఆ సందులో ఇరుక్కుంటుంది. పరుపు ఎంత మెత్తనిదో చూడడానికి అరచేతితో గట్టిగా నొక్కి చేయి తీయండి. గుంట వెంటనే సమమైతే సరే, చేతి ఆకారం ఒక్క క్షణమైనా నిలిచి ఉంటే ఆ పరుపు పాపకు పనికిరాదు.

ఇంటి నుండి పాప రోజూ పడుకునే పలుచని దూది పరుపును చుట్టి తెచ్చుకోవడం అన్నిటికంటే మేలు. దాని మీద వేసే దుప్పటిని ఉతకకుండా అలాగే తెండి. కొత్త గదిలో ఆ వాసన పాపకు తెలిసినదిగా ఉంటుంది. డిసెంబరులో టైల్స్ నేల చల్లగా ఉంటుంది కాబట్టి ముందు చాప, దాని మీద మడత పెట్టిన దళసరి జంపఖానా, ఆపైన పరుపు వేసి, దుప్పటి అంచులను పరుపు కిందికి బిగుతుగా దోపండి. చీమలున్నాయేమో, మంచం కింద నాణేలూ, మాత్రలూ, హెయిర్‌పిన్నులూ పడి ఉన్నాయేమో పాకుతూ చూడండి. ఈ వయసులో పాప చేతికి అందినదల్లా నోట్లోకే వెళ్తుంది. మడిచి తెచ్చుకునే తొట్టి మీ దగ్గర ఉంటే అది ఇంకా మంచిది, అయితే రైలు ప్రయాణానికి అది పెద్ద బరువు; దాని కోసం కొత్తగా డబ్బు ఖర్చు చేయనవసరం లేదు.

తల గుండ్రంగా రావడానికి పెట్టే ఆవాల దిండు గురించి మీ అత్తగారు అడగవచ్చు. ఏడాది లోపు పిల్లలకు ఏ దిండూ అక్కరలేదు, ఆవాల దిండు కూడా అందులో చేరినదే. దాని కుట్టు ఊడితే ఆవగింజలు నేరుగా పాప నోట్లోకో ముక్కులోకో పోతాయి. పాప మెలకువగా ఉన్నప్పుడు రోజుకు కొన్నిసార్లు బోర్లా ఆడించడమే తల ఆకారానికి మంచి మార్గం, ఆ పనిని అత్తగారికే అప్పగించవచ్చు. పడిపోకుండా చుట్టూ పేర్చే దిండ్లు కూడా వద్దు. నేల మీద పడుకున్న పాప పరుపు అంచు దాటి దొర్లినా రెండు అంగుళాల కిందికే దొర్లుతుంది.

ఇక గది ఎంపిక. ఋషికొండలో అద్దెకిచ్చే ఇళ్ళలో మంచి గది అంటే సముద్రం కనిపించే గదే, చంటిపిల్ల ఉన్న మీకు దాన్ని ఇద్దామని ఇంట్లో వాళ్ళు ప్రేమతో అనవచ్చు. ఆ గది తీసుకోకండి. దానికి సాధారణంగా బాల్కనీ, జరిపే అద్దాల తలుపూ ఉంటాయి. తలుపు మూస్తే గాలి ఆడదు, తెరిస్తే రాత్రంతా తేమగాలి నేరుగా పక్క మీదికి వస్తుంది. పైగా పొద్దున్నే సూర్యోదయం చూడడానికి ఇంటిల్లిపాదీ ఆ బాల్కనీలోకే చేరుతారు. తూర్పు సముద్రం కాబట్టి ఆ గదిలోకి తెల్లవారగానే వెలుగు పడుతుంది, దానితో పాప నిద్ర ఆరు గంటలకే చెడుతుంది. హాలుకు దూరంగా, వెనకవైపు, లోపలే స్నానాలగది ఉన్న గదిని అడగండి. మేడ మీద గదైతే మెట్ల దగ్గర అడ్డుతలుపు ఉందో లేదో చూడండి. సముద్రం వైపు గదిని మీ అత్తగారికీ మామగారికీ ఇవ్వండి. ఈ ఒక్క ఏర్పాటుతో పెద్దల గౌరవమూ నిలుస్తుంది, మీకు కావలసిన గదీ దక్కుతుంది. గదులు ఖరారు చేసే మాట మీ భర్తే ముందుగా ఎత్తాలి. ఊరు చేరి సామాన్లు దించుతున్నప్పుడు ఎత్తితే అప్పటికే ఎవరి పెట్టెలు ఏ గదిలోకో వెళ్ళిపోయి ఉంటాయి.

మీ అత్తగారి కోరిక దగ్గరకు వస్తాను, ఎందుకంటే మీ ప్రశ్నలో అసలు బరువు అక్కడే ఉంది. ఆమె అడుగుతున్నది మనవరాలితో గడపడానికి కొంత సమయం. హైదరాబాద్‌లో మీరు వేరుగా ఉంటున్నారు కాబట్టి ఆ సమయం ఆమెకు దొరకడం లేదు. రాత్రి వద్దన్నప్పుడు దానికి బదులుగా మరొకటి ఇవ్వాలి, అది కంటితుడుపుగా కాక నిజంగా ఇవ్వాలి. ఈ వయసు పిల్లలు పగటి నిద్రతో కలిపి రోజుకు 12 నుండి 16 గంటలు నిద్రపోతారు, అందులో పగటి నిద్ర రెండు మూడు విడతలుగా ఉంటుంది. ఉదయం మొదటి పాలు పట్టాక పాపను అత్తగారి చేతికి ఇచ్చి, ఆ తరువాతి నిద్రను పూర్తిగా ఆమె చేతిలో పెట్టండి. అదే నేల పక్క మీద, ఆమె జోలపాటతో, ఆమె జోకొట్టి నిద్రపుచ్చనివ్వండి. మీరు ఆ వేళ మధ్యమధ్య వెళ్ళి చూడకుండా స్నానం చేసి ఒక గంట పడుకోండి. ఈ మాట చెప్పవలసినది కోడలు కాదు, కొడుకు. "అమ్మా, రాత్రిళ్ళు పాప పాలకు రెండు మూడుసార్లు లేస్తుంది, అందుకని మా గదిలోనే ఉంచుకుంటాం. పొద్దున్న లేవగానే నీ దగ్గరకే తెస్తాను, తొమ్మిదింటి నిద్ర నువ్వే పుచ్చాలి" అని ఆయన ముందే అంటే అందులో నొచ్చుకోవలసింది ఏమీ ఉండదు. డాక్టరు వద్దన్నారని మీరు చెబితే అది కోడలు దూరం పెట్టినట్టు వినిపించే అవకాశం ఉంది.

ఒక మినహాయింపు కూడా చెప్పాలి. మీకు ఒంట్లో బాగాలేకనో, వరుసగా నిద్రలేకనో తూలిపోతున్న పరిస్థితి వస్తే, అప్పుడు మీ అత్తగారు మీ గదిలోకి వచ్చి పాప పక్కకు కాస్త దూరంలో వేరే చాప మీద పడుకోవచ్చు, మీ భర్త హాల్లోకి వెళ్ళవచ్చు. కానీ ఆమె బీపీ, నిద్రలేమి వంటి వాటికి మత్తు కలిగించే మాత్రలేవైనా వేసుకుంటున్నారేమో మీ భర్త నెమ్మదిగా కనుక్కోవాలి. అటువంటి మాత్రలు వేసుకున్నవారు, ఆ రోజు మద్యం తాగినవారు, సిగరెట్ అలవాటు ఉన్నవారు పాప పక్కలో పడుకోవడం చాలా ప్రమాదం. సెలవులకు వచ్చినప్పుడు బావగార్లూ మరుదులూ కలిసి కూర్చునే రాత్రులు ఉంటాయి. మీ భర్త కూడా ఆ సంబరంలో పాల్గొంటే ఆ రాత్రి ఆయన పాపకు దగ్గరగా పడుకోకూడదు, నిద్రపుచ్చడానికి పాపను గుండెల మీద వేసుకోకూడదు. ఈ ఒక్క విషయంలో మొహమాటానికి చోటివ్వకండి.

ఆడవాళ్ళూ పిల్లలూ ఒకే గదిలో అన్న ఏర్పాటు మీ ఆడపడుచు పిల్లలకు సరదాగా ఉంటుంది, పాపకు మాత్రం సరిపడదు. ఐదేళ్ళ పిల్లవాడు నిద్రలో కాళ్ళు విసురుతాడు, దొర్లి పాప మీదికి వస్తాడు, పక్కన చంటిపిల్ల ఉందన్న స్పృహ వాడికి నిద్రలో ఉండదు. పాప ఏడిస్తే వాళ్ళూ లేస్తారు, వాళ్ళు లేస్తే మీరు పాలు పట్టడానికి చీకట్లో ఎక్కడికో వెళ్ళవలసి వస్తుంది. అలా వెళ్ళే చోటు సాధారణంగా హాల్లోని సోఫా. పసిపిల్లతో పెద్దవాళ్ళు నిద్రపోవడానికి సోఫా కంటే ప్రమాదకరమైన చోటు లేదు. పగలు మామగారు టీవీ చూస్తూ పాపను గుండెల మీద పడుకోబెట్టుకుంటారు, ఇద్దరికీ కునుకు పడుతుంది, పాప జారి ఆయన చేతికీ సోఫా వీపుకూ మధ్య ముఖం లోపలికి పెట్టుకుని ఉండిపోతుంది. దారిన పోయేవాళ్ళకు తాతా మనవరాలూ హాయిగా నిద్రపోతున్నట్టే కనిపిస్తుంది. అందుకే ఇంట్లో అందరికీ తెలిసేలా ఒకే నియమం పెట్టండి: పాపకు కునుకు పట్టగానే, ఎవరి చేతుల్లో ఉన్నా, తన పక్క మీదికి చేర్చాలి. రాత్రి పాలిస్తూ నిద్ర ఆపుకోలేనని మీకు అనిపిస్తే సోఫాకు బదులు నేల మీద పాప పరుపు దగ్గరే పడుకుని పాలివ్వండి, మెలకువ రాగానే పక్కకు జరగండి.

చీర ఉయ్యాల విషయానికి వస్తే, మన ఇంట్లో దూలానికి వేసిన కొక్కేనికి, పెద్దలు ఎదురుగా కూర్చుని ఊపే ఉయ్యాల వేరు. అద్దె ఇంట్లో కిటికీ ఊచకో ఫ్యాను కొక్కేనికో కట్టిన ఉయ్యాల వేరు. ఆ ఊచ ఎంత బరువు మోస్తుందో ఎవరికీ తెలియదు. చీర మధ్యలో పల్లంగా ఉండడం వల్ల బిడ్డ గడ్డం ఛాతీకి ఆనుకుని ఊపిరి దారి ఇరుకవుతుంది. దొర్లడం వచ్చిన పాప ఉయ్యాల అంచు మీదుగా బయటికి వంగుతుంది. ఖాళీ ఉయ్యాల ఇంకా పెద్ద ప్రమాదం, ఎందుకంటే పెద్ద పిల్లలు అందులో దూరి గుండ్రంగా తిరిగి మెడకు చీర బిగుసుకున్న సంఘటనలు మన పత్రికల్లో అప్పుడప్పుడు వస్తూనే ఉన్నాయి. మీ బృందంలో ఆ వయసు పిల్లలున్నారు కాబట్టి ఉయ్యాల కట్టకపోవడమే మంచిది.

డిసెంబరులో విశాఖ రాత్రులు చల్లగా ఉంటాయి కానీ చలి అనదగినవి కావు. 20 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. సముద్రపు గాలికి పాపకు జలుబు చేస్తుందని స్వెట్టరు, మంకీ క్యాప్, సాక్సు, పైన ఉన్ని దుప్పటి అన్నీ ఒకేసారి వేయడం నేను ఇక్కడ బాగా చూశాను. ఒళ్ళు అతిగా వేడెక్కడం కూడా నిద్రలో ప్రమాదమే. మీరు వేసుకున్న దానికంటే ఒక పొర ఎక్కువ వేస్తే చాలు. పడుకునేటప్పుడు టోపీ తీసేయాలి. చేతులూ కాళ్ళూ చల్లగా ఉండడం ఈ వయసులో సహజం కాబట్టి వాటిని చూసి నిర్ణయించకండి. మెడ వెనక చేయి పెట్టి చూడండి, చెమటగా ఉంటే ఒక పొర తీయండి. దుప్పటికి బదులు చేతులు బయటికి ఉండే నిద్రసంచి వేస్తే అది ముఖం మీదికి రాదు. ఆ రోజుల్లో ఏసీ అవసరం రాకపోవచ్చు. ఉక్కగా అనిపించి వేసినా 25 లేదా 26 డిగ్రీల మీద ఉంచి, గాలి నేరుగా నేల పక్క మీదికి రాకుండా చూసుకోండి. దోమలకు గొడుగులా విచ్చుకునే దోమతెర తెచ్చుకోండి, అది సాగిపోకుండా బిగువుగా నిలబడాలి. మూసిన గదిలో దోమల చుట్ట వెలిగించవద్దు. జలుబు రాకుండా పక్క దగ్గర కర్పూరం మూట పెట్టే అలవాటు మీ ఇంట్లో ఉంటే ఆపించండి. కర్పూరం కొంచెం నోట్లోకి పోయినా పసిపిల్లలకు ఫిట్స్ వస్తాయి.

పాప నిద్రవేళను ప్రయాణం కోసం పూర్తిగా వదిలేయకండి, అలాగని గడియారం పట్టుకుని అందరి సంబరాన్నీ చెడగొట్టకండి. సాయంత్రం ఆర్కే బీచ్‌కో కైలాసగిరికో అందరూ వెళ్ళిన రోజు, పాపతో మీరిద్దరూ చీకటి పడేసరికి వేరే వాహనంలో తిరిగి వచ్చే ఏర్పాటు ముందే చేసుకోండి. స్నానం, పాలు, దీపం తగ్గించడం, జోలపాట అన్న వరుస ఇంట్లో ఎలా ఉందో అలాగే ఉంచితే, వేళ గంటో గంటన్నరో తప్పినా పాప తట్టుకుంటుంది. హాల్లో అంత్యాక్షరీ ఆగనక్కరలేదు. ఒకే తీరుగా వినిపించే కెరటాల హోరుకూ దూరపు మాటలకూ పాప అలవాటు పడుతుంది. తలుపు దబాలున వేయడానికీ, ఒక్కసారిగా లైటు వేయడానికీ మాత్రం ఉలిక్కిపడి లేస్తుంది. మొదటి రాత్రి ఎలాగూ మామూలు కంటే ఎక్కువసార్లు లేస్తుంది, దాన్ని చూసి మరునాడు ఏర్పాటు మార్చకండి. ప్రయాణంలో నిద్రపోతుందని దగ్గు మందో జలుబు మందో ఒక చెంచా పట్టమని ఎవరైనా సలహా ఇస్తే గట్టిగా కాదనండి. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందులను నాలుగేళ్ళ లోపు పిల్లలకు వాడకూడదని మన దేశపు ఔషధ నియంత్రణ అధికారులు 2023 డిసెంబరులో స్పష్టంగా చెప్పారు. తేనె కూడా ఏడాది నిండే వరకు నాలుకకు రాయకూడదు.

ప్రయాణం రాత్రి రైలులోనైతే మీ ఇద్దరికీ కింది బెర్తులే తీసుకోండి. ఒక బెర్తు మీద పాపను లోపలి వైపు పడుకోబెట్టి, అంచున ఒకరు కూర్చోవాలి. సగం రాత్రి మీరు, సగం రాత్రి మీ భర్త. తల్లీ బిడ్డల కోసం కింది బెర్తుకు చిన్న బెర్తును తగిలించే ప్రయోగాన్ని రైల్వే శాఖ 2022లో లక్నో మెయిల్‌లో చేసింది కానీ, మీరు ఎక్కే రైలులో అది ఉంటుందని నమ్ముకోలేం. 2023 జనవరి నుండి సికింద్రాబాద్, విశాఖల మధ్య నడుస్తున్న వందే భారత్‌లో పగలే సుమారు ఎనిమిదిన్నర గంటల్లో చేరవచ్చు; పాపను అన్ని గంటలూ ఒళ్ళో ఉంచుకోవాలి, కానీ చుట్టూ పెద్దలు చేతులు మారుస్తుంటే అది రాత్రి బెర్తు కంటే తేలికని నా అభిప్రాయం. కారులో పాప సీటులో నిద్రపోతే పోనివ్వండి, దిగగానే సీటులోనే వదిలేయకుండా చదునైన పక్క మీదికి మార్చండి.

అరకు రాత్రికి మాత్రం వేరే సన్నాహం కావాలి. విశాఖ నుండి సుమారు 115 కిలోమీటర్లు, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. డిసెంబరు చివరలో అక్కడ రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు పడిపోవడం మామూలే. ఒకే రోజులో ఘాట్ రోడ్డు మీద వెళ్ళి రావడం కంటే రాత్రి ఉండడమే పాపకు మేలు. అక్కడి రిసార్టు గదుల్లో నేల బాగా చల్లగా ఉంటుంది కాబట్టి చాపా జంపఖానాల కింద దళసరి దుప్పటి మరొకటి వేయండి. పాపకు నూలు చొక్కా, దాని మీద పొడుగు చేతుల చొక్కా, ఆపైన దళసరి నిద్రసంచి వేయండి, రజాయి కప్పవద్దు. గది వెచ్చబడడానికి బొగ్గుల కుంపటి లోపల పెట్టుకుని తలుపులు మూసుకోవడం ప్రాణాంతకం. బొగ్గుల నుండి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలో ఉన్నవారికి మెలకువ రాదు. ఇది పాపకే కాదు, మీ అందరికీ వర్తిస్తుంది. మంట చుట్టూ కూర్చునే చోటికి పాపను తీసుకువెళ్ళకండి, పొగలో కూర్చుని వచ్చినవారు బట్టలు మార్చుకున్నాకే పాపను ఎత్తుకోవాలి. మన్యంలో మలేరియా ఉంది కాబట్టి చలికాలమైనా దోమతెర తప్పనిసరి.

ఇన్ని జాగ్రత్తల మధ్య పాప ఎక్కడి నుండైనా పడితే, వెంటనే ఏడ్చి, ఎత్తుకోగానే ఊరుకుని, పాలు తాగి, ఎప్పటిలా ఆడుతుంటే ఆ రోజంతా గమనిస్తే సరిపోతుంది. మళ్ళీ మళ్ళీ వాంతి అయినా, లేపినా లేవనంత మగతగా ఉన్నా, ఏడుపు తీరు మారినా, మాడు ఉబ్బినా, చెవి నుండి గానీ ముక్కు నుండి గానీ నీరో రక్తమో వచ్చినా, ఫిట్స్ వచ్చినా ఒక్క క్షణం ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి. ఋషికొండలోనే గీతం వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, నగరంలోకి వస్తే మహారాణిపేటలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) పిల్లల విభాగం ఉంది. అరకులో ఉన్నప్పుడు ఇటువంటిది జరిగితే పెద్ద ఆసుపత్రికి చేరడానికి ఘాట్ రోడ్డు దిగి గంటల తరబడి రావాలి, కాబట్టి అక్కడ మంచం మీద పాపను ఒక్క నిమిషమైనా ఒంటరిగా ఉంచవద్దు.

ఈ రోజే మీ భర్తతో ఆ ఇంటి యజమానికి ఒక ఫోన్ చేయించండి. వెనకవైపు గదిలో మంచం జరిపితే నేల మీద పిల్ల పక్క వేసుకునేంత ఖాళీ ఉంటుందా, కిటికీలకు దోమల జాలీ ఉందా, మెట్లకూ బాల్కనీకీ గొళ్ళెం బిగుస్తుందా, కరెంటు పోతే ఆ గదిలో ఫ్యాను ఇన్వర్టరు మీద తిరుగుతుందా అని అడగాలి. ఆ గది ఫొటో ఒకటి పంపమనండి. జవాబులు రాగానే గదుల సంగతి కుటుంబం వాట్సాప్ గ్రూపులో మీ భర్తే రాయాలి, సముద్రం వైపు గది అమ్మానాన్నలకని మొదటి వాక్యంలోనే ఉండాలి. ఫొటో చూసి గది విషయంలో మీకు ఏదైనా అనుమానం మిగిలితే ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.